సగానికి తిప్పండి

ఎక్కడ ఆపాం? తొమ్మిదో భవనం, రెండో మెట్ల వరస, ఆరో అంతస్తు, లువాన్ తాత తలుపు ముందు. గురువారం మధ్యాహ్నం రెండున్నర. మూడో అంతస్తు జియావ్ పెద్దమ్మ పిండి వత్తే కర్రతో ఆ తలుపు బాదుతోంది. ఆమె వెనక, ఇళ్లకి వేడి పంపే స్టేషన్‌లో రిపేరు మనిషి జూ మేస్త్రీ, భుజాన పానాల సంచీ. అందరికన్నా వెనక నేను. మెడలో స్టేషన్ వాళ్లిచ్చిన థర్మామీటరు, చేతిలో సంతకాల అట్ట.

పోయిన వారం చదవనివాళ్లకి నాలుగు ముక్కలు. బయట మైనస్ ముప్పయ్యారు డిగ్రీలు. మా ఎర్‌దావ్‌గౌ ఊళ్లో ఏ ఇంటికైనా వేడి వచ్చేది ఒక్క చోటి నుంచే. స్టేషన్ బాయిలర్లలో నీళ్లు కాగుతాయి, గొట్టాల్లో ఊరంతా తిరుగుతాయి, ఇళ్లలోని ఇనప రేడియేటర్లు వేడెక్కుతాయి. సోమవారం పొద్దున ఆ మూడు బాయిలర్లలో ఒకటి చచ్చింది. సామాను రావడానికి ఐదు రోజులన్నారు. అందాకా అందరూ కాస్త కాస్త తగ్గించుకోండని ఊరు మొత్తానికి ఒక మెసేజ్ వెళ్లింది. అది రాసింది నేను, తొంగ్ యాజీని. ఫోన్లెత్తడం, ఇళ్లకెళ్లి గదుల వేడి కొలవడం, నోటీసులు రాయడం, పదిహేడేళ్లుగా ఇదే నా ఉద్యోగం. బుధవారం నుంచి ఈ మెట్ల వరసలో ఎడమచేతి ఇళ్లు ఆరూ చల్లబడిపోయాయి. లువాన్ తాత గొట్టంలోంచి నీళ్లు లాగేస్తున్నాడని అందరి అనుమానం. మూడో అంతస్తులో జియావ్ పెద్దమ్మ మనవరాలు ఉంది. పుట్టి పన్నెండు రోజులు.

ఇంకో సంగతి. మా అమ్మ పోయి ఇరవై మూడు రోజులు. ఆమె ఉన్నది ఇదే వరసలో, ఐదో అంతస్తులో. ఆ రోజు నుంచి నాకు ఏదీ సరిగ్గా తగలడం లేదు. ఎవరు తిట్టినా, ఎవరు ఏడ్చినా పక్కింట్లో టీవీ మోగుతున్నట్టే ఉంటోంది. దాని గురించి పెద్దగా బాధ కూడా లేదు.

"ఏయ్ ముసలోడా, తలుపు తియ్! లోపలే ఉన్నావని తెలుసు, నీ చెప్పుల చప్పుడు వినపడుతోంది!"

"నువ్వట్లా బాదుతుంటే తలుపెట్లా తీస్తానే? తెరవగానే నా నెత్తి పగులుద్ది. ముందు ఆ కర్ర దించు."

తలుపు తెరుచుకుంది. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి. ఒకదాని మీద ఒకటి రెండు దూది కోట్లు, నెత్తిన కుక్కబొచ్చు టోపీ, నోట్లోంచి ఆవిరి. ఆ ఆవిరి చూస్తే థర్మామీటరు అక్కర్లేదు. అయినా అలవాటు కొద్దీ గది మధ్యలో నిలబడి, ఛాతీ ఎత్తున దాన్ని పట్టుకున్నాను. ఎనిమిది డిగ్రీలు. అట్ట మీద రాశాను.

జియావ్ పెద్దమ్మ బూట్లయినా విప్పకుండా నేరుగా స్నానాల గదిలోకి దూరింది. లోపల రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు, నాలుగు బకెట్లు, అన్నింటి నిండా నీళ్లు.

"చూశారా! చూశారా! నా మనవరాలి నోటికాడి వేడి ఇదిగో, ఈ తొట్లలో ఉంది! దొంగ సచ్చినోడా!"

జూ మేస్త్రీ వంగి వేలు ముంచాడు. వాసన చూశాడు. నాలిక్కి రాసుకున్నాడు.

"కొళాయి నీళ్లు పెద్దమ్మా. రేడియేటర్ నీళ్లయితే తుప్పు కంపు కొడతాయి."

"కొళాయి గడ్డకడితే టీ దేంతో కాచుకోవాలి? అందుకని పట్టుకున్నాను," అన్నాడు తాత. "నీళ్లు పట్టుకోవడం కూడా నేరమేనంటే చెప్పండి, జైలుకొస్తాను. అక్కడైనా వెచ్చగా ఉంటుంది."

"నీ సంగతి తెలియనిదెవరికి? ఆరేళ్ల కిందట నీ గులాబీ రంగు లాగు ఊరంతా చూసింది!"

అది నిజమే. ఆ ఏడాది గొట్టాల్లో నీళ్లు తెగ పోతుంటే స్టేషన్ వాళ్లు ఎవరికీ చెప్పకుండా ఎర్ర రంగు కలిపారు. వారం తిరక్కుండానే లువాన్ తాత పొడుగు లాగు వరండాలో గులాబీ రంగులో వేలాడింది. రేడియేటర్ వేడినీళ్లతో బట్టలుతుక్కున్నాడన్నమాట. అప్పట్నించి ఈ భవనంలో గొట్టం కాస్త గుడగుడమన్నా నేరం ఆయన మీదే పడుతుంది.

"ఆ లాగు ఇంకా ఉందే. కావాలంటే ఇస్తా, తొడుక్కో. ఈ చలికి బాగుంటుంది."

పెద్దమ్మ కర్ర ఎత్తింది. జూ మేస్త్రీ మధ్యలోకి వచ్చి, "ఉండండి, ఉండండి, నా పని నన్ను చేసుకోనివ్వండి," అంటూ రేడియేటర్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అరచెయ్యి పెట్టి చూశాడు. వాల్వు పిడి పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"తాతా, దీన్ని తిప్పావా?"

"తిప్పాను. సగానికి. సోమవారం రాత్రి."

"ఎందుకు?"

"ఎందుకేమిటయ్యా, మీరే కదా చెప్పారు!" తాత కోటు జేబులోంచి ఫోను తీసి, కళ్లకి దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. "'ప్రియమైన ఇంటివారికి. ఈ కష్టకాలంలో గది వేడిని పదహారు డిగ్రీలకు తగ్గించుకోండి. రేడియేటర్ వాల్వును సగానికి తిప్పండి. ఎవరూ ఉండని గదుల్లో పూర్తిగా మూసేయండి. మీరు ఆపిన వేడి మీ పొరుగువారికి చేరుతుంది.' చదువుకుని సగానికి తిప్పాను. జన్మలో మొదటిసారి స్టేషన్ మాట విన్నాను. విన్నందుకు ఇదిగో, కర్రతో వచ్చారు."

చివరి వాక్యం నా సొంతం. పై మూడూ ఆఫీసులో చెప్పినవి. చివరిది బాగుందని మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

జూ మేస్త్రీ లేచి నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "కొత్త భవనాల్లో ఇంటింటికీ వేరే గొట్టం. ఎవరు ఎంత తిప్పుకున్నా ఇంకొకరికి నష్టం లేదు. ఇది ముప్పయ్యెనిమిదేళ్ల కట్టడం. పై నుంచి ఒకటే నిలువు గొట్టం. ఆరో అంతస్తు రేడియేటర్లోకి వచ్చిన నీళ్లు అందులోంచే ఐదుకి, ఐదులోంచి నాలుక్కి, అట్లా దిగాలి. పక్కదారి లేదు. ఒకళ్లు సగం తిప్పితే అందరికీ సగం. ఒకళ్లు మూసేస్తే అందరికీ బందు. అందుకే కదా ప్రతి ఏడాదీ వాల్వులు ముట్టుకోవద్దని చెప్పేది."

"మరి సగానికి తిప్పమని రాసిన ఆ తెలివిగల సన్నాసి ఎవడు?" అంది జియావ్ పెద్దమ్మ.

నేను అట్ట మీద సంతకం కోసం గీత గీస్తున్నాను. గీస్తూనే, "నేనే పెద్దమ్మా," అన్నాను. "ముప్పై భవనాలకీ ఒకటే మెసేజ్ పెట్టాం."

ఆమె ఎత్తిన కర్ర దించింది. అంత సులువుగా ఒప్పుకుంటానని అనుకోలేదేమో. మేస్త్రీలు ఈ గొట్టాల గురించి చెప్పుకోవడం పదిహేడేళ్లుగా వింటూనే ఉన్నాను. తెలియక కాదు. రాసేటప్పుడు గుర్తు రాలేదు.

"సగానికి తిప్పితే గోరువెచ్చగానైనా ఉండాలిగా," అన్నాడు మేస్త్రీ. "ఇది శవంలా ఉంది. కింద ఎవరో పూర్తిగా మూసేశారు. నీళ్లు కదలట్లేదు. పైన అటక మీద గొట్టానికి దుప్పటి కూడా లేదు. నాలుగింటికి పొద్దు గుంకుతుంది. అప్పటికీ నీళ్లు కదలకపోతే అటక మీదే గడ్డకట్టి పగులుతుంది. ఇంక ఎండాకాలం దాకా ఈ ఆరిళ్లకీ వేడి లేనట్టే."

పూర్తిగా మూసేశారు. ఆ మాట విన్నప్పుడు నాకు తెలిసిపోయింది.

మంగళవారం అమ్మకి మూడో ఏడు, అంటే పోయిన ఇరవై ఒకటో రోజు. ఆచారం ప్రకారం సమాధి దగ్గర కాగితాలు కాల్చి ఇటు వచ్చాను. ఇల్లు సర్దుదామని వచ్చాను గానీ ఏమీ సర్దలేదు. కోటయినా విప్పకుండా అమ్మ కుర్చీలో గంటసేపు కూర్చున్నాను. రేడియేటర్ వేడిగా ఉంది. ఖాళీ ఇల్లు, ఎవరి కోసం ఈ వేడి అనిపించింది. ఎవరూ ఉండని గదుల్లో పూర్తిగా మూసేయండి. నేను రాసిందే. లేచి మూసేశాను. బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో పట్టి మరీ తిప్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను. అమ్మ పోయిన తర్వాత నేను ఆలోచించి చేసిన పని అదొక్కటే.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే రెండు ముక్కల పని. సిగ్గు వెయ్యలేదు, భయం వెయ్యలేదు, ఆ రెండు ముక్కలూ రాలేదు. మేస్త్రీ "పదండి, ఇల్లిల్లూ చూద్దాం," అంటే అందరితో పాటు నేనూ మెట్లు దిగాను.

కింద నుంచి మొదలుపెట్టాం. మొదటి అంతస్తు వాల్వు తెరిచే ఉంది. రెండోదీ అంతే. మెట్ల మీద పేర్చిన ఉల్లికాడల కట్టలు కర్రల్లా గట్టిపడి ఉన్నాయి, దాటుకుంటూ ఎక్కాం. మూడో అంతస్తు జియావ్ వాళ్లది.

తలుపు లోపల దుప్పటి ఒకటి తెరలా కట్టారు. కిటికీ సందులన్నింటికీ కాగితాలు అంటించారు. మంచం మీద కోడలు షియావ్‌మాన్ నాలుగు దుప్పట్లలో కూర్చుని ఉంది. నెత్తికి ఉన్ని గుడ్డ, కాళ్లకి మూడు జతల మేజోళ్లు. ఆమె ఒళ్లో ఒక మూట. మూటలో పాప. పురిటి నెల గడిచేదాకా బాలింత గడప దాటకూడదు, గాలి తగలకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు. గాలి లోపలికే వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

"కరెంటు హీటర్ పెట్టుకోలేదా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"పెట్టామండీ. పెట్టగానే మెట్ల వరసంతా ఫ్యూజు పోయింది. మూడుసార్లు పోయాక పైవాళ్లొచ్చి తిట్టిపోయారు," అంది షియావ్‌మాన్. ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. "మా ఆయనకి గనిలో పగటి డ్యూటీ. రాగానే మమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లమన్నాను. అత్తమ్మ ఒప్పుకోవట్లేదు."

"బాలింతని మైనస్ ముప్పయ్యారులోకి తీసుకెళ్తాడా? బతికినన్నాళ్లూ కీళ్లు పట్టేసి ఏడుస్తావు!" అంది పెద్దమ్మ. చేత్తో మాత్రం కోడలి మెడ చుట్టూ గుడ్డ సరిచేస్తోంది. "జొన్న జావ తాగావా? గుడ్లు తిన్నావా? చల్లారిపోయిందా, మళ్లీ కాచిస్తానుండు."

నేను గది మధ్యలో నిలబడి థర్మామీటరు పట్టుకున్నాను. తొమ్మిది. రాశాను. "ఇక్కడ సంతకం చెయ్యమ్మా," అన్నాను. షియావ్‌మాన్ వేళ్లు కలం పట్టుకోలేకపోయాయి. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి ఆ చేతిలో కలం పెట్టి పట్టుకుని నేనే రాయించాను. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకు తెలియలేదు, నావీ అలాగే ఉన్నాయి.

వాల్వు తెరిచే ఉంది. నాలుగో అంతస్తు వాల్వూ తెరిచే ఉంది. మెట్లెక్కి ఐదో అంతస్తులో, మా అమ్మ ఇంటి ముందు ఆగాం. తలుపుకి తాళం. చావు జరిగిన ఇంటికి అంటించే తెల్ల కాగితం తలుపు మీద ఇంకా ఉంది.

"ఇది గావ్ పిన్నిది," అంది జియావ్ పెద్దమ్మ గొంతు తగ్గించి. "ఇది కూడా ఒకసారి చూస్తే పోతుంది కదా. తాళం చెవి నీ దగ్గరే ఉంటుందిగా, తొంగక్కా?"

వయసులో నాకన్నా పెద్దదే అయినా స్టేషన్ మనిషినని నన్ను అక్కా అంటుంది. ఫోన్లో కూడా అలాగే అంటుంది.

"ఇంట్లో మర్చిపోయాను," అన్నాను.

చెవి నా జేబులోనే ఉంది. చేతి తొడుగులోంచి దాని పళ్లు వేలికి తగులుతున్నాయి. పదిహేడేళ్లలో ఎన్నో అబద్ధాలు చెప్పాను. పదహారు డిగ్రీలుంటే పద్దెనిమిదని రాశాను, రేపొస్తారని చెప్పి ఎవరినీ పంపలేదు. అవన్నీ స్టేషన్ కోసం. ఇది నా కోసం. ఆ తేడా తెలిసింది గానీ, నొప్పి తెలియలేదు.

అప్పుడే పై నుంచి లువాన్ తాత గొంతు వినిపించింది. రెయిలింగ్ మీదికి వంగి ఉన్నాడు.

"పోయినావిడ ఇంటి జోలికి ఎందుకు పోతారు? మూసింది నేనే! మొత్తం మూసేశాను. మీరు మెట్లెక్కుతున్న చప్పుడు విని, మళ్లీ సగానికి తెరిచాను. చాలా? తృప్తిగా ఉందా?"

జియావ్ పెద్దమ్మ మొహం ఎర్రబడింది. ఆ వయసులో అంత వేగంగా మెట్లెక్కడం నేను చూడలేదు. నాలుగో అంతస్తు వాళ్లు, రెండో అంతస్తు వాళ్లు తలుపులు తీసుకుని ఆమె వెనకే ఎక్కారు. "నా మనవరాలు! నా మనవరాలు గడ్డకడుతుంటే నువ్వు కూర్చుని నాటకాలాడతావా!" పైన ఏదో పగిలింది, గిన్నో, కప్పో.

మెట్ల మీద నేనూ జూ మేస్త్రీ మిగిలాం.

"తాళం తియ్," అన్నాడు.

"ఇంట్లో..."

"యాజీ. తియ్."

తీశాను. లోపల వంటగదిలో అమ్మ గిన్నెలో నీళ్ల మీద అద్దంలా పొర కట్టింది. ఫొటో ముందు పెట్టిన కమలాపళ్లు రాళ్లయిపోయాయి. మేస్త్రీ దేనివైపూ చూడలేదు. రేడియేటర్ దగ్గరికి వెళ్లి వాల్వు పిడి పట్టుకున్నాడు. అది కదల్లేదు. సంచీలోంచి తన ఫ్లాస్కు తీసి, తాగడానికి తెచ్చుకున్న టీ మొత్తం దాని మీద పోశాడు. పానా తగిలించి బలంగా లాగాడు. కిర్రుమంది. ఒక చుట్టు, రెండు, మూడు. గాలి పోయే మర విప్పాడు. ఉస్సుమని గాలి, తర్వాత నల్లటి నీళ్లు. తర్వాత గోడ లోపల ఎక్కడో గొట్టం గొంతు సవరించుకుంది. నీళ్లు దిగడం మొదలైంది.

"ఎప్పుడు మూశావు?"

"మంగళవారం."

"తాతకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది. ఆయన ఆరోజు మెట్ల మీద ఎదురయ్యాడు. ఇంట్లో అన్నీ ఆపేసి వస్తున్నాను తాతా అని నేనే చెప్పాను."

మేస్త్రీ నల్లనీళ్లు తుడిచాడు. "ఒకటి చెప్తా, విను. వేడి వచ్చేసింది. ముసలాయన తనంతట తనే ఒప్పుకున్నాడు. ఆయన మీద ఎలాగూ మచ్చ ఉంది, ఇంకొకటి పడితే ఏమవుతుంది? నువ్వు నోరు విప్పావంటే, నోటీసు రాసిందీ నువ్వే, వాల్వు మూసిందీ నువ్వే అవుతావు. స్టేషన్ వాళ్లు మొత్తం నీ నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటారు. ఉద్యోగం ఉండదు. నోర్మూసుకుని కిందికి పద."

ఆయన నా మేలు కోరే చెప్పాడు. నాకూ అదే మంచిదనిపించింది. అమ్మ కుర్చీ వైపు చూశాను. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని నిలబడి చూశాను. రాలేదు.

పై నుంచి అరుపులు. "పైకెత్తు! రాసింది కనపడట్లేదు, అట్టముక్క పైకెత్తు!"

మేస్త్రీ చెయ్యి నా భుజం మీద పడింది. విదిలించుకుని పైకెళ్లాను.

లువాన్ తాతని తన గుమ్మంలోనే నిలబెట్టారు. నెత్తిన టోపీ లేదు, ఎవరో లాగేశారు. బట్టతల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు లేచి ఉన్నాయి. రెండు చేతులతో అట్టముక్క ఒకటి పట్టుకున్నాడు. దాని మీద మార్కరుతో, 'పసిపాప ఉన్న ఇంటికి వేడి ఆపింది నేనే.' నాలుగో అంతస్తు ఆవిడ ఫోనుతో ఫొటో తీస్తోంది. భవనం గ్రూపులో రెండొందల నలభై మంది ఉన్నారు. ఊరి గ్రూపులో ఎంతమందో లెక్కలేదు.

"కొంచెం ఎడమకి జరుగు. వెలుతురు లేదు."

తాత ఎడమకి జరిగాడు. చెప్పిన మాట ఇంత బుద్ధిగా ఆయన వినడం నేనెప్పుడూ చూడలేదు. అది చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి ఏదో ఒకటి మండింది.

"ఆపండి," అన్నాను. "ఆయన కాదు."

"నువ్వాగు తొంగక్కా, నీకెందుకు మధ్యలో..."

"మూసింది నేను. మా అమ్మ ఇంట్లో వాల్వు. మంగళవారం మూశాను. చెవి నా జేబులోనే ఉంది. ఇందాక అబద్ధం చెప్పాను."

తాత అట్టముక్క కిందికి దించాడు. "దీనికి అమ్మ పోయిందే, మతి సరిగ్గా లేదు, దీని మాట పట్టించుకోకండి," అన్నాడు. "అది కాదు. నేనే."

"తాతా, చాలు."

జియావ్ పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కర్ర ఎక్కడో పడేసింది, చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి.

"నిన్నటి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను," అంది. అరవలేదు. "పదకొండుసార్లూ నువ్వే ఎత్తావు. మీ సమస్య నమోదు చేసుకున్నాం అన్నావు. ఓపిక పట్టండి అన్నావు. పట్టాను. నా మనవరాలికి కూడా చెప్పాను, ఓపిక పట్టు తల్లీ, తొంగక్క మనిషిని పంపుతోందని. పదకొండుసార్లు, తొంగక్కా. జేబులో ఆ చెవి పెట్టుకుని ఎత్తావా?"

ఎత్తాను. చెవి అప్పుడు కూడా ఇదే కోటు జేబులో ఉంది. అప్పుడు నాకు తెలియదని చెప్పుకోవచ్చు. తెలుసుకోవాల్సిన పని నాదే.

కింద నుంచి ఎవరో అరిచారు. "వచ్చింది! వేడి వచ్చింది! గొట్టం కాలుతోంది!" రెండో అంతస్తు ఆయన. ఎవరో నవ్వారు కూడా.

ఆ నవ్వు మీదుగానే షియావ్‌మాన్ గొంతు వచ్చింది. ఆమె గడప దాటి బయటికి వచ్చేసింది. మూడో అంతస్తు మెట్ల మీద, మేజోళ్లతో, నెత్తి మీది గుడ్డ జారిపోయి.

"అత్తమ్మా! పాప పాలకి లేవట్లేదు!"

పెద్దమ్మ నన్ను పక్కకి తోసి దిగింది. నేనూ దిగాను. మేస్త్రీ అప్పటికే ఫోనులో అంబులెన్సు వాళ్లతో మాట్లాడుతున్నాడు. "నలభై నిమిషాలా? నలభై నిమిషాలేమిటయ్యా, పసిపిల్ల!"

మంచం మీద మూట విప్పి ఉంది. పాప మొహం ఎర్రగా ఉంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లలా. అదే నాకు నచ్చలేదు. ఆ మధ్య ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ స్టేషన్లో మాకు చెప్పింది, పసివాళ్లకి చలి పట్టేస్తే ఏడవరు, మొహం ఎర్రబడి ఊరికే పడుకుంటారని. పెద్దమ్మ పాప బుగ్గ తట్టింది, అరికాలు గిల్లింది. పాప కళ్లు తెరవలేదు.

"రేడియేటర్ దగ్గర పెట్టండి!" అన్నారెవరో.

"వద్దు, అంత వేడి ఒక్కసారి వద్దు," అన్నాను. "ఒంటికి ఒళ్లు ఆనించాలి. చర్మానికి చర్మం."

షియావ్‌మాన్ చొక్కా విప్పబోయింది. వేళ్లు గుండీలు పట్టలేకపోతున్నాయి. ఆమె ఒళ్లంతా ఒకటే వణుకు. "నా ఒంట్లో వేడి లేదమ్మా," అంది. "నా దగ్గర లేదు."

పెద్దమ్మ మెట్ల మీద కోటు లేకుండా తిరిగింది, ఆమె చేతులు నీలంగా ఉన్నాయి. నేను ఐదు పొరలు వేసుకుని ఆరు అంతస్తులూ ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. ఆ గదిలో ఎవరి ఒంట్లోనైనా వేడుందంటే అది నాకే.

"నాకివ్వు పెద్దమ్మా."

"నీకా?" పాపను ఛాతీకి అదుముకుంది. "నీకా ఇచ్చేది?"

"నాకే. తర్వాత నన్నేం చేస్తావో చెయ్యి. ఇప్పుడు ఇవ్వు."

ఆమె నన్ను చూసిన చూపు నేను బతికినన్నాళ్లూ చూస్తాను. ఇచ్చింది.

కోటు విప్పాను, ఊలు విప్పాను, చొక్కా విప్పాను. పాపను గుడ్డలన్నీ తీసేసి నా రొమ్ముల మధ్య పెట్టుకుని పైన అన్నీ మళ్లీ కప్పుకున్నాను. గొట్టంలో నీళ్లు గలగలా దిగుతున్నాయి.

"కదులుతోందా?" అంది షియావ్‌మాన్. "తొంగక్కా, కదులుతోందా?"

పాప నోరు నా చర్మానికి ఆని ఉంది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఏదో కదిలింది. అది పాప ఊపిరో, నా గుండె కొట్టుకోవడమో నాకు తెలియలేదు.